ఓపిక సంగతి వదిలేశారు

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మీరు రాస్తూ, డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఎంత ఖర్చయినా పై వంతుకి ఎగబాకి క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే దాడిని నడిపించే ఆటగాడిని, పట్టిన జట్టే పదేళ్లు నిలుస్తుందన్నారు. నేనొప్పుకోను. 2017లో క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ కోసం కాన్సాస్ సిటీ జట్టు 27వ పిక్ (ఎంచుకునే వంతు) నుంచి 10వ పిక్‌కి వెళ్లిన మాట నిజమే. కానీ దాదాపు ఆ సీజనంతా అతన్ని అప్పటి ప్రధాన క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ వెనక బెంచి మీదే కూర్చోబెట్టారు కదా, ఆ ఊసే లేదు.

శాన్ ఫ్రాన్సిస్కో జట్టు కథ చూడండి. 2021లో 12వ పిక్ నుంచి 3వ పిక్‌కి రావడానికి తర్వాతి రెండేళ్ల మొదటి రౌండ్ పిక్‌లు కూడా ధారపోసి క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌ని తెచ్చుకుంది. 2023లో అతన్ని ఓ నాలుగో రౌండ్ పిక్‌కి బదులుగా డాలస్ జట్టుకి ఇచ్చేసింది! ఈలోగా జట్టుని ఒడ్డునపడేసిందెవరు? 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే ఆఖరున, 262వ పిక్‌గా వచ్చిన క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ. (ఆఖరివాడిని అక్కడ ‘మిస్టర్ ఇర్రెలవెంట్’ అని ఆటపట్టిస్తారు లెండి.) అతనితోనే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా వెళ్లారు. ఓడింది మళ్లీ ఆ మహోమ్స్ చేతిలోనే అనుకోండి.