మధ్యాహ్న భోజన రిజిస్టరు గారికి ఒక విన్నపం

కు: శ్రీయుత మధ్యాహ్న భోజన రిజిస్టరు గారు, బీరువా పై అర.
విషయం: తమరి నిల్వలు, మా తిప్పలు – గురించి.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. ఎలుక అట్ట కొస మాత్రమే కొరికింది, లోపలి అంకెలన్నీ పదిలం. అదే ఎలుక బియ్యం బస్తాకు పెట్టిన కన్నం గురించి తమరికి చెప్పుకుందామంటే, దానికి తమలో గడి లేదు.

మాది ఒకే టీచరున్న బడి. ఐదు తరగతులు, 18 సబ్జెక్టులు: ఒకటి, రెండు తరగతులకు మూడేసి, పైన మూడింటికీ నాలుగేసి. అయినా పొద్దున్నే మొదటి పీరియడు తమరిదే. నమోదు 23, హాజరు 19 అనుకోండి. పిల్లకు 100 గ్రాముల చొప్పున బియ్యం 1 కిలో 900. పప్పు 20 చొప్పున 380 గ్రాములు, కూరగాయలు 50 చొప్పున 950, నూనె 5 చొప్పున 95. పప్పు, కూర, నూనె, పోపు, పొయ్యి అన్నిటికీ కలిపి 2025 మే 1 నుంచి కేంద్రం కట్టిన ధర ప్రాథమిక పిల్లకు 6 రూపాయల 78 పైసలు. అంటే 19 మందికి 128 రూపాయల 82 పైసలు. ఆ 82 పైసలు తమరి పైసల గడిలో ఎంత ముద్దుగా కూర్చుంటాయో! వంటమ్మకు ఈ గ్రాముల గోల పట్టదు. సోలతో కొలుస్తుంది, కంటితో ఉప్పు వేస్తుంది, అన్నం చక్కగా ఉడుకుతుంది. సోలను గ్రాముల్లోకి, గ్రాముల్ని మళ్లీ తమరి గడుల్లోకి దింపే పని మాత్రం టీచరుది. అప్పటిదాకా ఒకటో తరగతి వాళ్లు పలకల మీద అదే 'అ' దిద్దుతూనే ఉంటారు.

తమరికి 19 అంటే 19. మిరపకోతల రోజుల్లో బడికి వచ్చే దారి వేరు. అమ్మానాన్నలు తెల్లారి ఆటో ఎక్కి కూలికి పోతే, పెద్దపిల్ల ఇంటి పని ముగించుకుని పదకొండింటికి వస్తుంది. అప్పటికి హాజరు పట్టీలో లెక్క పడింది, భోజనాల లెక్క పంపే ఫోన్ యాప్‌లో అంకె వెళ్లిపోయింది, బియ్యం ఎసట్లో పడ్డాయి. ఆ పిల్ల వెంట మూడేళ్ల తమ్ముడు. వాడు ఏ రిజిస్టరులోనూ లేడు, అక్క కంచం పక్కన కూర్చుని ఉన్నాడు. ఇంకో అబ్బాయి గేదెల్ని తోలేసి సరిగ్గా గంట కొట్టే వేళకు వచ్చాడు. ఇప్పుడు తినేవాళ్లు 22 మంది. 1,900 గ్రాముల్ని 22తో భాగిస్తే తలా 86. తమరు మాత్రం తలా 100 తిన్నారని ధీమాగా చెబుతారు. గుడ్డున్న రోజు ఈ భాగహారం ఇంకా కష్టం. గుడ్డును కత్తితో రెండు చేస్తే పిల్లలకు కుదురుతుంది, తమరికి కుదరదు. తమలో అర గుడ్డు ఎక్కడ రాయాలి?

ఇక బస్తా. 50 కిలోల బస్తా అంటారు. గోనెతో కలిపి 50 తూగితే లోపల ఉన్నది 49 కిలోల 420 గ్రాములే, ఎందుకంటే ప్రమాణం ప్రకారం గోనెసంచి ఒక్కటే 580 గ్రాములు. అంటే దించిన రోజే దాదాపు ఆరుగురి అన్నం పోయింది. రెండు ఇటుకల మీద చెక్క వేసి, గోడకు జానెడు దూరంగా నిలబెట్టి, వేపాకు కలిపితే తేమ కొంత ఆగుతుంది. వానాకాలం మూడో వారానికి లక్కపురుగు ఎలాగూ వస్తుంది. ఎండలో పోసి, జల్లించి, చెరిగితే మరో కిలో తరుగు. తమ దగ్గర తొలి నిల్వ, రాక, వాడకం, ముగింపు నిల్వ అని నాలుగు గడులున్నాయి, తరుగు అన్న గడి లేదు. మరి తనిఖీ రోజున బస్తా, తమరు ఒకే మాట ఎలా చెబుతారంటే, జ్వరంతో మధ్యలో ఇంటికి పోయిన పిల్లల అన్నంతో. వాళ్లు తినని వందేసి గ్రాములే ఎలుక పద్దు, పురుగు పద్దు, గోనె పద్దు తీరుస్తాయి. ఊళ్లో ఎవరికీ జ్వరాలు రాని నెలలో లెక్క తేలదు.

నెలాఖరున బియ్యం ఆలస్యమైతే పక్క బడి నుంచి 20 కిలోలు బదులు తెస్తాం, వచ్చాక తీరుస్తాం. ఊళ్లలో ఇది సహజం. తమ దృష్టిలో మాత్రం పెద్ద నేరం. బదులు రాస్తే సంజాయిషీ అడుగుతారు, రాయకపోతే ముగింపు నిల్వ సున్నా కిందికి దిగుతుంది. లేని బియ్యాన్ని వండిన ఘనత అప్పుడు మా బడికి దక్కుతుంది. పొరపాటున అంకె తప్పితే వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. కొన్ని పేజీల్లో అంకెల కంటే సంతకాలే ఎక్కువ.

యాప్ వచ్చింది కదా, తమరికి విశ్రాంతి దొరుకుతుందనుకున్నాం. తమరు కదల్లేదు. ఇప్పుడు హాజరు పట్టీ, తమరు, యాప్ ముగ్గురూ ఒకే అంకె పలకాలి. సిగ్నల్ లేక యాప్‌లో పడని రోజున పిల్లలు తిన్నట్టు బియ్యం సాక్ష్యం చెబుతుంది, బిల్లు చెప్పదు. ఆ రోజు కూరగాయల బాకీ దుకాణంలో వంటమ్మ పేరు మీదే ఉంటుంది. వడ్డించే ముందు టీచరు రుచి చూసి రాసే మరో రిజిస్టరు తమరికి చెల్లెలు. అందులో జూన్ నుంచి ఏప్రిల్ దాకా 'బాగుంది' తప్ప ఇంకో మాట కనపడదు. పాపం, పులుసులో ఉప్పు ఎక్కువైన రోజు కూడా.

2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చదివే ఉంటారు. టీచర్లకు బోధనేతర పనులు అప్పగించకూడదు. పదేళ్ల జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మాత్రం మినహాయింపు. తమరు జనగణన కాదు, ఎన్నికా కాదు. మిగిలినది ఒక్కటే, ఆ గౌరవం తమరికి ఇవ్వడానికి మాకేమీ అభ్యంతరం లేదు.

తమరు సంచిలో కూర్చుని ఇంటికి కూడా వేంచేస్తారు. నెలాఖరు ఆదివారం నెల మొత్తం కూడి అబ్‌స్ట్రాక్టు, అంటే నెల లెక్కల సారాంశం, మూడు ప్రతులు రాయాలి. ఇంట్లో ఒకరు అంకెలు చదువుతుంటే ఒకరు కూడుతారు. టీచరు గారి సొంత పిల్లలకు దశాంశాలు ఇలాగే వచ్చాయి కాబట్టి ఆ మేలు మాత్రం ఒప్పుకోవాలి.

కోరేది పెద్దదేమీ కాదు. వచ్చే ఏడాది అచ్చులో రెండు గడులు పెంచండి: ఒకటి తరుగుకు, ఒకటి పదకొండింటికి వచ్చేవాళ్లకు. 26వ పిల్ల చేరితే రెండో వంటమ్మను ఇవ్వాలన్న నిబంధన ఎలాగూ ఉంది. మా 23 మందికి ఇంకో ముగ్గురు ఈ జూన్‌లో చేరితే ఆ పద్దు కూడా రాసుకుంటాం. ఈలోగా మూడేళ్ల తమ్ముణ్ణి రిమార్కుల్లో రాయమంటారా, వద్దంటారా? ముందే తెలియజేస్తే, తనిఖీ నాడు వాణ్ణి బీరువా వెనక దాచే పని తప్పుతుంది.

ఇట్లు,
తమ విధేయ టీచరు
(హెచ్.ఎం., గుమాస్తా, స్టోర్ కీపర్ బాధ్యతలు అదనం)