టాన్సిల్స్ ఆపరేషన్ తేదీ, తిరుగు టికెట్ తేదీ

వేసవి సెలవులు దగ్గర పడేసరికి ఇక్కడ అమెరికాలో తెలుగు ఇళ్ళలో ఇండియాలో చేయించుకు రావాల్సిన పనుల లెక్క మొదలవుతుంది. పళ్ళ డాక్టరు, కళ్ళజోళ్ళు, బ్యాంకులో కేవైసీ, చంటిదానికి చెవులు కుట్టించడం. కొన్నేళ్ళుగా ఈ లెక్కలోకి పిల్లల టాన్సిల్స్ ఆపరేషన్ కూడా చేరడం చూస్తున్నాను. ఎందుకు చేరిందో తెలుస్తూనే ఉంది. ఇక్కడ ఇన్సూరెన్స్ ఉన్నా డిడక్టిబుల్, అంటే కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మన వంతుగా పెట్టిన మొత్తం, నిండేదాకా మన జేబులోంచే కట్టుకోవాలి. అక్కడైతే అమ్మమ్మ, తాతయ్య దగ్గరుండి చూసుకుంటారు. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో చేయి తిరిగిన ఈఎన్‌టీ డాక్టర్లున్నారు. మన ఊళ్ళో చేయించడం తప్పని నేను అనను. తిరుగు టికెట్ చూసుకుని ఆపరేషన్‌కి తేదీ పెట్టుకోవడం మాత్రం తప్పు. అది పిల్లల ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

నేను గుంటూరు బ్రాడీపేటలో పెరిగాను. ఇక్కడ, ఆపరేషన్ అయిన పిల్లల్ని చూసుకునే వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. టాన్సిల్స్ తీసిన చోట కుట్లుండవు. గొంతులో రెండు పక్కలా పచ్చి పుండ్లు ఉంటాయి. వాటి మీద తెల్లగా పక్కు కడుతుంది. అది చీము కాదు, మానుతున్న గుర్తు. నెత్తురు వచ్చే ప్రమాదం రెండుసార్లు ఉంటుంది. మొదటిది ఆపరేషన్ అయిన ఇరవై నాలుగు గంటల్లో. అప్పుడు చాలామంది ఆస్పత్రిలోనో, ఆస్పత్రికి దగ్గర్లోనో ఉంటారు కాబట్టి డాక్టరు అందుబాటులో ఉంటారు. రెండోది పక్కు ఊడే రోజుల్లో, అంటే సుమారుగా ఐదో రోజు నుంచి పదో రోజు దాకా. ఒక్కోసారి రెండు వారాల దాకా కూడా. వందమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఇలా అవుతుంది. కొంతమందికి దానంతట అదే ఆగిపోతుంది. ఆగకపోతే మళ్ళీ థియేటర్‌లోకి తీసుకెళ్ళి, మత్తిచ్చి, నెత్తురు ఆపాలి.

ఆ ఐదో రోజు నుంచి పదో రోజు లోపే మనవాళ్ళ విమానం ఉంటోంది. గన్నవరం నుంచి శంషాబాద్‌కో, ఢిల్లీకో, అక్కడి నుంచి దోహాకో దుబాయ్‌కో, ఆ తర్వాత పద్నాలుగు పదిహేను గంటలు సముద్రం మీద. పిల్లవాడి గొంతులో నెత్తురు కారడం మొదలైతే ఆ విమానంలో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. పైగా కారుతున్న సంగతి తెలియను కూడా తెలియకపోవచ్చు. నిద్రలో ఉన్న పిల్లలు నెత్తుర్ని ఉమ్మరు, మింగేస్తారు. పక్కన కూర్చున్న తల్లికి కనిపించేది మాటిమాటికీ గుటకలు వేయడం ఒక్కటే. కాసేపటికి డికాషన్ రంగులో వాంతి అవుతుంది. అప్పటికి ఎంత పోయిందో చెప్పలేం. ఆపరేషన్ తర్వాత కనీసం రెండు వారాలు విమానం ఎక్కవద్దని సర్జన్లు చెప్పేది ఇందుకే.

మా పిన్ని కూతురు పోయిన వేసవిలో విజయవాడ పటమట నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, బాబుకి శుక్రవారం ఆపరేషన్. శనివారం ఇంటికి పంపించేస్తారట. చిన్న ఆపరేషనే అన్నారు."

"మీ ఫ్లైట్ ఎప్పుడే?"

"వచ్చే గురువారం."

"ఆ సంగతి డాక్టర్‌గారికి చెప్పారా?"

"ఆయన అడగలేదక్కా."

చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. తాతగారితో పాటు వచ్చిన పిల్లవాడు డాక్టరు కంటికి పటమట పిల్లవాడే. వారంలో సముద్రాలు దాటిపోతాడని ఆయనకి ఎలా తెలుస్తుంది? మనం చెప్పాలి. మా చెల్లి చెప్పింది. ఆయన వెంటనే ఆపరేషన్ వద్దన్నారు. టికెట్ మార్చుకుని ఉండగలిగితే చేస్తానని, లేకపోతే వెళ్ళిపోయి అక్కడే చేయించుకోమని అన్నారు. అంత సూటిగా మాట్లాడిన డాక్టర్‌ని నేను మెచ్చుకుంటాను.

అసలు ఆపరేషన్ అవసరమా అనేది ఇంతకన్నా ముందు తేలాల్సిన మాట. టాన్సిల్స్ పెద్దవిగా ఉన్నాయంటే తీసేయాలని మనవాళ్ళు అనుకుంటారు. మూడు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లల గొంతులో అవి పెద్దగానే కనిపిస్తాయి. వయసు పెరిగేకొద్దీ చిన్నవవుతాయి. మాటిమాటికీ గొంతునొప్పి వచ్చే పిల్లలకు డాక్టర్లు చూసే లెక్క ఒకటుంది. ఒక ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరసగా రెండేళ్ళు ఏడాదికి ఐదేసిసార్లు, లేదా మూడేళ్ళు ఏడాదికి మూడేసిసార్లు. పిట్స్‌బర్గ్‌లో చేసి 1984లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చిన లెక్క ఇది. గొంతునొప్పి వచ్చిన ప్రతిసారీ 101 దాటిన జ్వరమో, మెడలో బిళ్ళలో, టాన్సిల్స్ మీద చీమో, గొంతులో స్ట్రెప్ అనే బాక్టీరియా ఉందో లేదో చూసే పరీక్షలో పాజిటివో ఉండాలి. జలుబు చేసి గొంతు గరగరలాడితే అది లెక్కలోకి రాదు. మన ఊళ్ళో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, జ్వరం రాగానే మందుల షాపుకెళ్ళి యాంటీబయాటిక్ తెచ్చి వేసేస్తారు. ఏ తేదీన వచ్చింది, ఎంత జ్వరం ఉంది అనేది ఎక్కడా రాసి ఉండదు. ఏడాది తర్వాత డాక్టరు అడిగితే "నెలనెలా వస్తుందండీ" అంటాం. ఆ ఒక్క ముక్క మీద ఆపరేషన్ నిర్ణయం కాకూడదు. వంటింటి క్యాలెండర్ మీద జ్వరం తేదీ, డిగ్రీలు రాసుకున్నా చాలు.

గురక సంగతి వేరు. ఇక్కడ నేను రెండోవైపు నిలబడి మాట్లాడాలి. ఎందుకంటే మనవాళ్ళు దాన్ని జబ్బుగానే చూడరు. "వాడికి తాతయ్య పోలికమ్మా, గురక పెట్టి మొద్దు నిద్ర పోతాడు" అని మురిసిపోతారు. ఆ మొద్దు నిద్రని ఒక్క రాత్రి లైటు వేసి చూడండి. మెడ వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని పడుకుంటాడు. ఏసీ గదిలో కూడా తల కింద దిండు చెమటకి తడిసి ఉంటుంది. గురక సాగుతూ సాగుతూ ఆగిపోతుంది. ఛాతీ కదులుతూనే ఉంటుంది కానీ గాలి లోపలికి పోదు. కొన్ని సెకన్లకి ఉలిక్కిపడినట్టు ఒక్క గుక్క పీల్చి, పక్కకు దొర్లి మళ్ళీ మొదలుపెడతాడు. టాన్సిల్స్, ముక్కు వెనక పెరిగే అడినాయిడ్స్ కలిసి దారి మూసేస్తే ఇలా అవుతుంది. పొద్దున లేచాక తలనొప్పి, క్లాసులో చిరాకు, కుదురు లేకపోవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, బరువు పెరగకపోవడం వీటి వెనక చాలాసార్లు ఈ నిద్రే ఉంటుంది. అలాంటి రాత్రి మీ ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీసి డాక్టరుకి చూపించండి. పగలు నోరు తెరిపించి టార్చి వేస్తే తెలియనిది అందులో తెలుస్తుంది.

ఇందులోనూ అందరికీ కత్తి అవసరం లేదు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ళ వయసున్న 464 మంది పిల్లల మీద చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఆపరేషన్ అయిన పిల్లల్లో 79 శాతం మందికి ఏడు నెలల్లో స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష, మామూలు స్థితికి వచ్చింది. ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్ళలో 46 శాతం మందికి కూడా వచ్చింది. బాగా తీవ్రంగా ఉన్న పిల్లల్ని ఆ పరిశోధనలో తీసుకోలేదు. అంటే ఓ మోస్తరు ఇబ్బందికి కొన్నాళ్ళు ఆగి చూడొచ్చు. ఊపిరి ఆగుతూ ఎదుగుదల దెబ్బతింటున్న పిల్లల్ని మాత్రం వచ్చే సెలవుల దాకా ఆపకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకు, ఊబకాయం లేదా డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు ముందుగా స్లీప్ స్టడీ చేయించాలి. మూడేళ్ళలోపు వాళ్ళని ఆపరేషన్ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచి చూసుకోవాలి. గురక పిల్లల విషయం మత్తు డాక్టర్‌కి విడిగా చెప్పండి. గట్టి నొప్పి మందులు ఆ పిల్లల ఊపిరిని త్వరగా మందగింపజేస్తాయి.

ఆ మందుల గురించి అమ్మమ్మలకు తెలియాల్సింది ఒకటుంది. కోడీన్ అలాంటి గట్టి మందే. అది ఉన్న దగ్గు సిరప్ ఇంట్లో ఉంటే అది పిల్లవాడి చేతికందని చోట కాదు, ఇంట్లోనే లేకుండా చేయండి. టాన్సిల్స్ తీసిన పిల్లలు కోడీన్‌తో చనిపోయిన సంఘటనలు చూశాక మందుల మీద అజమాయిషీ చేసే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2013లో గట్టి హెచ్చరిక పెట్టింది. 2017లో పన్నెండేళ్ళలోపు పిల్లలకు అసలు వాడకూడదంది. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ డాక్టరు చెప్పిన మోతాదులో, వేళకి ఇవ్వాలి. నొప్పి వచ్చాక ఇద్దామని ఆగితే పిల్లవాడు నీళ్ళు మానేస్తాడు, గొంతు ఎండిపోతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. మూడో రోజు, నాలుగో రోజు నొప్పి మొదటి రోజుకన్నా ఎక్కువగా ఉంటుంది. చెవి నొప్పి అని ఏడుస్తాడు. నోరు వాసన వస్తుంది. ఇవన్నీ మామూలే, కంగారు పడొద్దు. చల్లారిన రాగి జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, ఐస్‌క్రీం, ఏది దిగితే అది. జంతికల డబ్బా, కారప్పొడి ఇడ్లీ రెండు వారాలు ఆగొచ్చు. బంధువుల పెళ్ళి ఆ రెండు వారాల్లో పడితే పిల్లవాడు, వాడితో పాటు ఒకరు ఇంట్లోనే ఉండాలి. మే నెల ఎండలో ఫంక్షన్ హాలుకి తిప్పితే నీళ్ళు తాగించడం మన వల్ల కాదు.

ఇక్కడి మన తెలుగు సంఘానికి ఒక మాట. గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థుల అమెరికా సంఘం, మనందరికీ తెలిసిన జింకానా, గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో తల్లీబిడ్డల బ్లాక్‌కి డబ్బు సమకూర్చింది. మనమూ చేయగలిగిన పని ఉంది. రాత్రంతా ఆక్సిజన్‌ని నమోదు చేసే పల్స్ ఆక్సీమీటర్లు స్లీప్ స్టడీతో పోలిస్తే చాలా చవక. తీవ్రంగా ఉన్న పిల్లల్ని ముందుగా గుర్తించడానికి అవి బాగా పనికొస్తాయి. అలాంటివి కొన్ని గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రులకు ఇస్తే, డిడక్టిబుల్ అనే మాటే వినని కుటుంబాల పిల్లలకు ఉపయోగపడతాయి.

ఈ వేసవికి వెళ్తున్నవాళ్ళు ఆపరేషన్ తప్పదని తేలితే సెలవుల మొదటి వారంలోనే పెట్టించుకోండి. డాక్టరుకి మీ విమానం తేదీ మొదటి మాటగా చెప్పండి. అర్ధరాత్రి నెత్తురు వస్తే ఏ ఆస్పత్రికి రావాలో, ఆ వేళ అక్కడ థియేటర్, మత్తు డాక్టరు, రక్తం అందుబాటులో ఉంటాయో లేదో అడిగి, ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో వేయించండి. తేదీలు కుదరకపోతే టికెట్ మార్చుకోండి, లేదా ఆపరేషన్ మానుకుని ఇక్కడికి వచ్చాక చేయించండి.