ఏ మచ్చకైనా సున్నం, సోడా పెట్టమనే వాళ్లకు

“కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయి. పులిపిరైనా, పుట్టుమచ్చైనా, చర్మం మీద లేచింది ఏదైనా సరే, సున్నంలో బట్టల సోడా కలిపి పెడితే వారంలో వేరుతో సహా రాలిపోతుంది. కోయించుకుంటే క్యాన్సర్ అవుతుంది. డాక్టర్ దగ్గర తీయించుకున్నా మళ్లీ వస్తుంది.” ఈ నెలలో ఈ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. పంపినవాళ్లందరూ నా మంచి కోరేవాళ్లే, అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మొన్న ఒక స్నేహితురాలు “మా నాన్న అరికాల్లో నల్లమచ్చ ఉంది, దానికి కూడా ఇది పెట్టొచ్చా?” అని అడిగింది. ఇక ఊరుకోలేను.

కప్ప సంగతి అబద్ధం. పులిపిర్లు హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి.

వేరు కూడా అబద్ధమే. పులిపిరి చర్మం పై పొరలోనే పెరుగుతుంది. అందులో కనిపించే నల్లచుక్కలు రక్తం గడ్డకట్టిన సన్నటి నాళాలు. వాటిని వేర్లనుకుని బ్లేడుతో గెలికితే వైరస్ పక్కకు పాకుతుంది.

సున్నం, బట్టల సోడా తడిలో కలిస్తే తయారయ్యేది కాస్టిక్ సోడా. మూసుకుపోయిన డ్రైనేజీ పైపుల్లో పోసేది దాన్నే! పులిపిరి ఏదో, మంచి చర్మం ఏదో దానికి తెలియదు. వారంలో రాలిపోయిందని మీరు సంబరపడేది కాలిపోయిన కండను చూసి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకైతే కాలుతున్న సంగతే తెలియదు. పుండు పడ్డాక తెలుస్తుంది.

అయినా నాకు అసలు కోపం తెప్పించింది “ఏదైనా సరే” అన్న మాట. పుట్టుమచ్చలా కనిపించేది మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చు. మచ్చలో ఒక సగం ఇంకో సగంలా లేకపోయినా, అంచులు చెదిరినట్టున్నా, రెండు మూడు రంగులు కనిపించినా, 6 మిల్లీమీటర్లు దాటినా అనుమానించాలి. అన్నిటికంటే ముఖ్యం, అది మారుతోందా లేదా అన్నది. చామనఛాయ, నలుపు రంగు వాళ్లలో మెలనోమా ఎక్కువగా వచ్చే చోట్లు అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద. గాయకుడు బాబ్ మార్లేకు అది 1977లో కాలివేలి గోరు కింద బయటపడింది. 1981లో, 36 ఏళ్లకే పోయాడు. మెలనోమా ఎంత ముదిరిందో చెప్పే ముఖ్యమైన కొలత, అది చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్నది. పైభాగాన్ని కాల్చేస్తే ఆ కొలత దొరకదు. పైన పుండు మాని మచ్చ పోయినట్టే ఉంటుంది, లోపల అది పెరుగుతూనే ఉంటుంది. ఇంత ప్రమాదాన్ని ఒక్క వేలి నొక్కుతో వందమందికి ఎలా పంపుతున్నారు?

కోస్తే క్యాన్సర్ అవుతుందన్నది ఇంకో హానికరమైన మాట. బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం, క్యాన్సర్‌ను తెచ్చిపెట్టదు, ఉంటే బయటపెడుతుంది. ఈ భయంతో ఆరు నెలలు ఆగితే, క్యాన్సర్ ఉన్నవాళ్లు చికిత్సకు విలువైన ఆ ఆరు నెలల్నీ పోగొట్టుకున్నట్టే.

చివరి మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. పులిపిర్లు తీయించుకున్నా తిరిగి వస్తుంటాయి. 2011లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో 240 మంది అరికాలి పులిపిర్ల మీద, గడ్డకట్టించే లిక్విడ్ నైట్రోజన్‌నూ, పొరలను కరిగించే సాలిసిలిక్ యాసిడ్ పూతమందునూ పోల్చి చూస్తే, 12 వారాలకు రెండిటితోనూ పూర్తిగా తగ్గింది నూటికి 14 మందికే. పిల్లల్లో చాలా పులిపిర్లు రెండేళ్లలోపు వాటంతటవే పోతాయి కాబట్టి, నొప్పి లేకపోతే వదిలేసినా తప్పులేదు. తగ్గించుకోవాలంటే పులిపిరిని రోజూ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెల్లగా అరగదీసి, సాలిసిలిక్ యాసిడ్ రాయాలి. ముఖం మీద, మర్మాంగాల దగ్గర వద్దు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు. ఇదంతా అది పులిపిరేనని తేలాక.

స్నేహితురాలికి ఒకటే చెప్పాను: నాన్నగారి పాదానికి ఏమీ పూయొద్దు, ఈ వారంలోనే చర్మ వైద్యుడికి చూపించు. మచ్చను పెద్దగా చేసి చూపే డెర్మోస్కోప్ పెట్టి చూడటానికి కొన్ని నిమిషాలు చాలు. రేపు తీసుకెళ్తోంది.