మొండెం కథ సరే, మరి ఆ ఓడలోని మనుషులు?

అమెరికాలోని ఒక్రాకోక్ దీవి తీరంలో సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్ మొండెం తల కోసం వెతుక్కుంటూ తిరుగుతుందన్న కథ పోయిన భాగంలో చాలా బాగా చెప్పారు. తల ఎందుకు నరికారో కూడా రాసి ఉంటే ఇంకా బాగుండేది. 1718 నవంబర్ 22న అతన్ని పట్టుకోవడానికి వచ్చిన బ్రిటిష్ నౌకాదళం లెఫ్టినెంట్ మేనార్డ్ తన మనుషుల్ని ఓడ అడుగున దాచి, డెక్ మీద పెద్దగా ఎవరూ మిగల్లేదని నమ్మించాడు. దొంగలు ఎక్కీ ఎక్కగానే అంతా పైకొచ్చి మీద పడ్డారు. ఐదు తూటాలు, ఇరవై దాకా కత్తిగాట్లు తగిలాక గానీ బ్లాక్‌బియర్డ్ కూలలేదంటారు. వర్జీనియా ప్రభుత్వం అతని మీద 100 పౌండ్ల బహుమతి పెట్టింది. చంపామనడానికి తలే రుజువు. అందుకే దాన్ని ఓడ ముందు కొయ్యకు వేలాడదీసుకుని వెళ్లారు. మొండెం ఓడ చుట్టూ ఈదిందన్నది జనం కట్టుకున్న మాట.

నన్ను కలచివేసేది వేరే ఉంది. అతని పెద్ద ఓడ 'క్వీన్ యాన్స్ రివెంజ్' అంతకుముందు 'లా కంకార్డ్' అనే ఫ్రెంచి బానిసల ఓడ. 1717లో ఆఫ్రికా నుంచి 516 మందిని ఎక్కించుకుని బయల్దేరితే, దారిలోనే 61 మంది చనిపోయారు. బ్లాక్‌బియర్డ్ ఓడను పట్టుకున్నాక కూడా మిగతావాళ్లలో చాలామందికి విడుదల దొరకలేదు. ఫ్రెంచివాళ్లు వాళ్లను కరీబియన్‌లోని మార్టినిక్ దీవికి తీసుకెళ్లి అమ్మేశారు. దొంగ నాయకుడి దెయ్యానికి మూడొందల ఏళ్లుగా పేరుంది. ఆ 61 మంది పేర్లు కూడా మనకు తెలియవు. దయచేసి తర్వాతి భాగం వాళ్ల గురించి రాయండి.