ముప్పై రోజుల్లో ఇల్లు సరే, నేల సంగతి ఎవరు చెప్తారు?

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, పొలంలో ముప్పై రోజుల్లో ఇల్లు అంటూ ఒకటే ప్రకటనలు. ఫ్యాక్టరీలో తయారైన ముక్కలు లారీలో వస్తాయి, బోల్టులు బిగిస్తారు, తాళాలు చేతికిస్తారు. ఆ వీడియోల్లో లారీ వచ్చేసరికే నేల చదునుగా ఉంటుంది, దారి ఉంటుంది, కరెంటు ఉంటుంది, బోరు ఉంటుంది. అవన్నీ ఎవరు చేశారు, ఎన్ని నెలలు పట్టింది, ఎంత ఖర్చయింది, ఒక్కరూ చెప్పరు. కొటేషన్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక్క లైను ఉంటుంది: సైట్ ప్రిపరేషన్ కస్టమర్ బాధ్యత. నా రెండేళ్లు ఆ ఒక్క లైనులోనే పోయాయి కాబట్టి ఇంత కోపంగా రాస్తున్నాను.

జహీరాబాద్ దాటాక కర్ణాటక సరిహద్దు వైపు మాకు రెండెకరాలుంది. తెల్లజొన్న, శనగ పండే నల్లరేగడి. నాన్న రిటైరయ్యాక అక్కడే ఉంటానన్నాడు. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల పైన, మేస్త్రీల వెంట తిరిగే తీరిక నాకు లేదు, అందుకే స్టీలు ఫ్రేమ్ కిట్ ఇల్లు ఆర్డర్ పెట్టాను. ముప్పై బై నలభై అడుగులు. కంపెనీ తరఫున వచ్చినాయన పొలం గట్టు మీద నిలబడి, "ఇది లైట్ వెయిట్ సార్, దీనికి పెద్ద పునాది ఎందుకు, అడుగు తవ్వి స్లాబ్ వేయించండి చాలు" అన్నాడు. పక్క పొలం పెద్దాయన అక్కడే ఉన్నాడు. "బిడ్డా, గిది రేగడి. ఎండకు నోరు తెరుస్తది, వానకు ఉబ్బుతది. దీని మీద ఏం పెట్టినా ఊపుతది" అన్నాడు. నేను కంపెనీ మాట విన్నాను.

తర్వాత తెలుసుకున్నది, అందరూ తెలుసుకోవాల్సింది ఏంటంటే, రేగడిలో ఇల్లు తేలికగా ఉండటమే ప్రమాదం. వానకు ఆ మట్టి ఉబ్బినప్పుడు పైకి తోస్తుంది. బరువైన కట్టడమైతే కొంతైనా అదిమి పెడుతుంది, తేలికపాటి ఇంటిని మాత్రం సులువుగా లేపేస్తుంది. పైగా గాలిదుమారం వస్తే రేకుల కిందికి గాలి దూరి ఇంటిని పైకి లాగుతుంది, అప్పుడు దాన్ని నేలకు పట్టి ఉంచాల్సింది కూడా పునాదే. లైట్ వెయిట్ కాబట్టి పునాది అక్కర్లేదు అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా నమ్మకండి.

ఫిబ్రవరిలో స్లాబ్ వేయించాను. కిట్ ఏప్రిల్‌లో రావాలి, మృగశిర కార్తె దాటి రెండు వానలు పడ్డాక వచ్చింది. నలభై అడుగుల ట్రైలర్. ఊళ్లోకి వచ్చే మలుపులో వేపచెట్టు దగ్గర తిరగలేదు, పైన కరెంటు తీగలు చేతికందేంత కిందికి ఉన్నాయి, ఎలాగో అది దాటితే మా బండ్లబాట మొదట్లోని కల్వర్టు దగ్గర వెనక టైర్లు కూరుకుపోయాయి. వాన పడిన రేగడిలో నడిచినవాళ్లకు తెలుసు, నాలుగడుగులు వేస్తే చెప్పుల కింద కిలో మట్టి. సామాను దింపే హైడ్రా క్రేన్ లోపలికి రాలేనంది. సామానంతా రోడ్డు పక్కనే దింపి, ట్రాక్టర్ ట్రాలీల్లో మూడు రోజులు మోశాం. బోర్డులు టార్పాలిన్ కింద పెట్టినా అడుగున ఉన్నవి తడిసి అంచులు పొంగాయి. నాన్న ఆ రాత్రి అక్కడే మంచం వేసుకుని కాపలా పడుకున్నాడు, డెబ్బయ్యేళ్ల మనిషి.

ఇక ఆగస్టులో బిగింపు టీం వచ్చి లెవల్ చూస్తే స్లాబ్ ఈశాన్య మూల అంగుళంపావు లేచి ఉంది. నడుమ పగులు, నాణెం దూరేంత. ఇనుప స్తంభాల అడుగున ఉండే బేస్ ప్లేట్లు స్లాబులో పాతిన యాంకర్ బోల్టుల మీద కూర్చోలేదు. ఇటుక గోడ అయితే మేస్త్రీ మాల్‌తో సర్దేస్తాడు, ఫ్యాక్టరీలో రంధ్రం వేసి వచ్చిన ఇనుములో సర్దుబాటు ఎక్కడుంది? టీం వెళ్లిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే చివరి పేజీలోని లైను చదివి వినిపించారు. స్లాబ్ చాలన్నది మీ మనిషే కదా అంటే, అది రాతపూర్వకంగా ఉందా అని అడిగారు.

సరే, రెండోసారి మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి ముందు మట్టి పరీక్ష. మా దగ్గర రేగడి పదడుగులకు పైగా లోతు ఉందని తేలింది, అంటే తీసేసి మొరం నింపడం అయ్యే పని కాదు. ఇలాంటి నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు అండర్ రీమ్డ్ పైల్స్ అనే పద్ధతి తెచ్చారు, అదీ దశాబ్దాల కిందట. సన్నటి గుంతను మూడున్నర మీటర్లకు పైగా దింపి, అడుగున ఉల్లిగడ్డలా వెడల్పు చేసి, కడ్డీ పెట్టి కాంక్రీటు పోస్తారు. పైమట్టి ఎంత ఉబ్బినా, కుంగినా ఆ గడ్డ కదలని పొరలో పట్టుకుని ఉంటుంది. పైన కలిపే బీములను నేలకు ఆనించకుండా మూడంగుళాలకు పైగా ఖాళీ వదిలారు, మట్టి ఉబ్బితే ఆ ఖాళీలోకే ఉబ్బాలి. ఇంత సంగతి మన దేశంలోనే తెలిసి ఉండగా, పొలాల్లో ఇళ్లు అమ్మేవాళ్లు ఇది ఏం మట్టి అని ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

దారి ఇంకో కథ. నక్షాలో బండ్లబాట ఉంది, నేల మీద సగం కలిసిపోయింది. సర్వేయర్‌ను పిలిపించి, పక్క రైతులతో కూర్చుని మాట్లాడి, మొరం పోయించి రోలర్ కొట్టించడానికి నాలుగు నెలలు. నాలా మార్పిడి (సాగు భూమిని సాగేతర భూమిగా మార్చడం), పంచాయతీ అనుమతి, ఇంటి మీటరు, ఇవన్నీ కాగితాల పని, ముందే మొదలుపెట్టండి. పొలం మోటారు ఉచిత కరెంటు ఇంటికి వాడకూడదు, స్తంభాలు దూరమైతే ఆ ఖర్చు మీదే. కాంక్రీటు కన్నా ముందు నీళ్లు కావాలి, ఎందుకంటే ఎండల్లో పది రోజులు తడపకపోతే పోసింది పోసినట్టే పాడవుతుంది. మేం బోరు వేయకముందు ట్యాంకర్లకే బోలెడు పోశాం.

సెప్టిక్ ట్యాంకు గురించి అసలు ఎవరూ మాట్లాడరు. రేగడి ఒకసారి తడిసిందంటే నీళ్లు ఇంకనివ్వదు, కాబట్టి మామూలు ఇంకుడు గుంత వానాకాలం నిండి పైకి పొర్లుతుంది. ఇంకెక్కడో చూసిన డిజైన్ తెచ్చి పెట్టకండి. మేం ట్యాంకు నుంచి వచ్చే నీటిని కంకర నింపిన వెడల్పాటి మడికి వదిలి, పైన అరటి, మెట్టతామర పెడుతున్నాం, బోరుకు దూరంగా, పల్లం వైపు.

ఆర్డర్ పెట్టే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి ఒక వానాకాలం మీ పొలంలో నీళ్లు ఎటు పారుతున్నాయో చూడండి. దారి, నీళ్లు, కరెంటు, పునాది అయ్యాకే అడ్వాన్స్ కట్టండి. సంక్రాంతి తర్వాత పునాది, రోహిణి కార్తె లోపు సామాను, అంతకు మించి ఆలస్యమైతే వచ్చే ఏటికి వాయిదా వేయండి.

మొన్న ఆదివారం మేస్త్రీ బోల్టుల వరుసకు మూలమట్టం చూశాడు. ముప్పై, నలభై కొలతలకు మూల నుంచి మూలకు సరిగ్గా యాభై రావాలి. టేపు ఒక కొస నాన్న పట్టుకున్నాడు, ఇంకో కొస నేను. మొదటి మూల యాభై. రెండోది చూసి మేస్త్రీ, "యాభైకి నూలు తేడా లేదు సార్" అన్నాడు. నాన్న టేపు వదల్లేదు, ఇంకోసారి చూడమన్నాడు.