అవాంతో అనే అవాంతరం

"మాది రాజమండ్రి. కార్తీకమాసంలో తెల్లవారుజామున గోదాట్లో మునిగి పెరిగినవాళ్ళం. చన్నీళ్ళ గురించి మాకు చెప్పకండి" అని ఆఫీసు కాఫీ మెషిన్ దగ్గర నేను కోసిన కోత, నా కొంప ముంచింది. ముంచడమంటే అక్షరాలా ముంచడమే.

విన్నది మా పక్క సీటు పెద్దాయన. అరవై దాటిన ఫిన్లాండు మనిషి, వారానికి నాలుగు మాటలకు మించి మాట్లాడడు. ఆ వారం కోటా అంతా నామీదే ఖర్చుపెట్టాడు. "శనివారం. నాసియార్వి. అవాంతో. రా."

నాసియార్వి అంటే మా తాంపెరే ఊరి పక్క సరస్సు. అవాంతో అంటే గడ్డకట్టిన సరస్సులో మంచు కోసి చేసిన గొయ్యి. చివర 'రం' చేరిస్తే మన తెలుగు మాటే అవుతుందని అప్పుడు తట్టలేదు. ఈ ఫిన్లాండు దేశంలో జనం 55 లక్షల పైచిలుకు, సానాలేమో, అంటే ఆవిరిస్నానపు గదులు, 30 లక్షల దాకా ఉంటాయంటారు. తాంపెరే అయితే 2018లో తనకు తానే ప్రపంచ సానా రాజధాని బిరుదు తగిలించుకుంది. అలాంటి ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా బకెట్టూ మగ్గూతో వేణ్ణీళ్ళు పోసుకుంటూ గుట్టుగా బతుకుతున్నాను. నలభై ఏడేళ్ళొచ్చాయి, బీపీ ఉందంటుందేమో అని ఆశగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, "గుండె భేషుగ్గా ఉంది. దూకొద్దు, మెల్లగా దిగండి" అని పంపేసింది. ఉన్న ఒక్క సాకూ పోయింది.

"మీరా? ఐసులోనా?" అంది మా ఆవిడ. అంతకన్నా వ్యాఖ్యానం అనవసరం అనుకున్నట్టుంది, పప్పు తిరగమోతకు వెళ్ళిపోయింది.

శనివారం బయట మైనస్ 14. ముందు సానా గదిలో కూచోబెట్టారు. పై మెట్టు మీద ఇడ్లీపాత్రలో పై రేకు మీదున్నట్టే ఉంది. పెద్దాయన రాళ్ళమీద గరిటెడు నీళ్ళు పోశాడు. చుయ్యిమని లేచిన ఆవిరి నా చెవుల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఇక్కడే ఉండిపోతే పోలే అనుకునేలోపు లేవమన్నాడు.

వేళ్ళకు చలి ముందు పట్టేస్తుందని తన దగ్గరున్న నియోప్రీన్ గ్లౌజులు, మేజోళ్ళు ఇచ్చాడు. నెత్తిన ఉన్ని టోపీ, నడుముకు ఈత నిక్కరు, చేతులకు నల్ల గ్లౌజులు. అద్దంలో చూసుకుంటే, పగటివేషం కట్టబోయి మధ్యలో బట్టలు చాలక ఆగిపోయినవాడిలా ఉన్నాను.

చెక్కవంతెన చివర గొయ్యి. గడ్డకట్టకుండా మోటారొకటి లోపల నీళ్ళను కదుపుతోంది. సున్నా డిగ్రీలకు ఓ పిసరు పైన ఉంటాయట. నిచ్చెన పట్టుకుని దిగాను. మోకాళ్ళ దాకా రాజమండ్రి పరువు నిలబడింది. తర్వాతి రెండంగుళాల్లో జిల్లా పరువు, బొడ్డు దగ్గర రాష్ట్రం పరువు పోయాయి.

గోదావరి మెట్లమీద మా నాన్నగారు నేర్పిన శ్లోకం చదువుతూ మునగాలని ముందే అనుకున్నాను. "గంగే చ యమునే చైవ" అని మొదలెట్టబోతే "గం... గం... గం..." దగ్గర ఆగిపోయింది. మీరు ఆపుదామన్నా ఆగదు. చన్నీళ్ళు తగలగానే ఒళ్ళు తనంతట తానే ఎగశ్వాస అందుకుంటుంది. అందుకే ఆ క్షణంలో తల ముంచకూడదట. "ఊపిరి వదులు" అన్నాడు పెద్దాయన, వచ్చే వారం కోటాలోంచి అప్పు తెచ్చుకుని.

పక్కనే డెబ్బై దాటిన మామ్మగారొకావిడ పెరట్లో కరివేపాకు కోసుకోడానికి వెళ్తున్నంత తీరిగ్గా ఈదుతూ వచ్చి, "గంగ్ గంగ్ అంటే ఏమిటి?" అనడిగింది. మా నది పేరన్నాను ఎలాగో. ఆ శ్లోకంలో ఏడు నదుల్ని మనమున్న నీళ్ళలోకి రమ్మని పిలుస్తాం. ఏడింట్లో ఒక్కటీ రాలేదు. వాటికి బుద్ధుంది.

పెద్దాయన లెక్క ప్రకారం ఇరవై రెండు సెకన్లు. ఎర్రగా కాల్చిన వంకాయలా పైకొచ్చి, గర్వంగా గ్లౌజులు లాగేసి చూసుకుంటే వేలు బోసిగా ఉంది. ఉంగరం లేదు!

అది మామూలు ఉంగరం కాదు. అల్లుడి జాతకంలో కుజుడు నీరసంగా ఉన్నాడని, ధైర్యం కోసం మామగారు పెళ్ళికి చేయించిన పగడం. పదేళ్ళుగా వేలు లావెక్కి ఇరుక్కుపోయింది. సబ్బు రాశాం, కొబ్బరినూనె రాశాం, దారం చుట్టి తిప్పాం. కంసాలి కట్టర్ తీస్తే నేనే పారిపోయొచ్చాను. అలాంటిది సరస్సు పాలైందా! మామగారి మొహం, ఆ వెనక మామగారి కూతురి మొహం కళ్ళముందు కదిలాయి. మళ్ళీ దిగిపోయాను. ఈసారి నిచ్చెనా లేదు, శ్లోకమూ లేదు, గంగా లేదు. కాళ్ళతో అడుగు వెతికాను, అందలేదు. పెద్దాయన రెక్కపట్టుకుని పైకి లాగాడు.

అసలు వణుకు బయటికొచ్చాక పావుగంటకు మొదలైంది. చల్లబడ్డ రక్తం చేతుల్లోంచి, కాళ్ళలోంచి లోపలికి తిరిగొచ్చేటప్పుడు అంతేనట. ఇంటికెళ్ళే బస్సులో ఒక అబద్ధం బాగా వల్లెవేసుకున్నాను. గుమ్మంలో నోరు తెరిస్తే పళ్ళు టకటకా కొట్టుకుని "ఉ... ఉ... ఉం..." అని మాత్రం వచ్చింది.

"ఉంగరమా?" అంది మా ఆవిడ. తిట్టలేదు. ఆ రెండు రోజులూ చారు మాత్రం బాగా చల్లారాక పెట్టింది.

సోమవారం పెద్దాయన నా బల్లమీద ఒక గ్లౌజు బోర్లించాడు. వేలి మొనలోంచి టక్కున రాలింది పగడం! చలికి వేలు సన్నబడి, గ్లౌజు లాగినప్పుడు దాంతోపాటే ఊడొచ్చి లోపల నక్కిందన్నమాట. ఆయన ఒక్క మాటా అనలేదు. కోటా అయిపోయింది కదా.

సాయంత్రం ఉంగరం మా ఆవిడ చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"కట్టర్‌కే తల వంచనిది, ఎంతసేపట్లో ఊడిందీ?"

"రెండు మునకలూ కలిపి నిమిషం ఉంటుందేమో."

చిన్నాడు కడుపున పడ్డప్పటినుంచీ ఊడిరాని తన ఉంగరాన్ని వేలిమీద ఓసారి మెలితిప్పి చూసుకుంది.

"ఏవండీ, ఆ గ్లౌజులు నా సైజువి దొరుకుతాయా?"