స్టెతస్కోప్ బెల్‌ని గట్టిగా నొక్కకండి
స్టెతస్కోప్ డయాఫ్రమ్ (బిగుతైన చదును పొర ఉన్న వైపు) ఒక్కటి చాలు, గుండె శబ్దాలన్నీ వినొచ్చన్నట్టు మీ వ్యాసంలో రాశారు. అది సరికాదండీ. మైట్రల్ స్టెనోసిస్‌లో (గుండె ఎడమవైపు గదుల మధ్య కవాటం ఇరుకైనప్పుడు) వచ్చే మర్మర్, అంటే రక్తప్రవాహం చేసే అదనపు శబ్దం, బాగా మంద్రంగా, ఎక్కడో దూరాన ఉరిమినట్టు ఉంటుంది. దానికి బెల్ (చిన్న గిన్నెలా ఉండే రెండో వైపు) కావాలి. రోగిని ఎడమ పక్కకు ఒత్తిగిల్లమని, ఊపిరి వదిలి కాసేపు బిగబట్టమనాలి. గుండె కొన కొట్టుకునే చోటు వేలితో వెతికి, సరిగ్గా అక్కడే బెల్ అంచు చుట్టూ ఆనేంత తేలిగ్గా పెట్టాలి. గట్టిగా నొక్కితే కింద చర్మం బిగిసి అదే డయాఫ్రమ్‌లా పనిచేస్తుంది, మనం వెతికే శబ్దం కాస్తా మాయం. రోగికి ఆయాసం లేకపోతే నాలుగైదుసార్లు లేచి పడుకోమని మళ్లీ వినండి, స్పష్టమవుతుంది. మర్మర్ డయాస్టోల్‌లోదేనా (గుండె సడలి రక్తం నింపుకునే దశలోదేనా) అన్నది మెడ దగ్గరి కెరోటిడ్ నాడితో సరిచూడాలి. మణికట్టు నాడి కాస్త ఆలస్యంగా అందుతుంది. ఛాతీ వెంట్రుకల రాపిడి ఊపిరితిత్తుల క్రాకిల్స్‌లా (చిటపట శబ్దాల్లా) వినిపిస్తుంది, తడిపితే తగ్గుతుంది. చొక్కా మీంచి వినడం మాత్రం దయచేసి మానండి.